పాత ఫొటో, పాత ఆటగాడి కార్డు: అసలును నకిలీ నుంచి వేరు చేసేది ఏమిటి?

2022 ఆగస్టులో అమెరికాలో జరిగిన ఒక వేలంలో, అరచేతిలో ఇమిడే అట్టముక్క ఒకటి కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. నాటి మారకపు విలువ ప్రకారం అది సుమారు 100 కోట్ల రూపాయలు. బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మ్యాంటిల్ బొమ్మతో టాప్స్ కంపెనీ 1952లో బబుల్‌గమ్ పొట్లాల్లో పెట్టి అమ్మిన కార్డు అది. అదే నెలలో హోనస్ వాగ్నర్ అనే మరో ఆటగాడి సిగరెట్ కార్డు 72 లక్షల 50 వేల డాలర్లు పలికింది. పాత ఫొటోల బజారు కూడా చిన్నదేమీ కాదు. బిల్లీ ద కిడ్ అనే పేరుమోసిన బందిపోటు నిలువెత్తు ఫొటో ఒకటి 2011లో 23 లక్షల డాలర్లకు చేతులు మారింది.

ఇంత డబ్బు తిరిగే చోట మోసగాళ్లు చేరడం వింత కాదు. అయితే కొనేవారు తికమకపడేది మోసం ఉందన్న సంగతి తెలియక కాదు. "ఇది అసలుదేనా?" అన్న ప్రశ్న ఒక్కటిగా కనిపించినా, దానిలో వేర్వేరు రుజువులు కోరే ప్రశ్నలు నాలుగు కలిసిపోయి ఉన్నాయి. ఈ వస్తువు చెబుతున్న కాలంలోనే తయారైందా అన్నది మొదటిది. తయారైన తర్వాత దాన్ని ఎవరైనా కోశారా, రంగు వేశారా, అతికారా అన్నది రెండోది. అందులో ఉన్న మనిషి, దాన్ని తీసిన మనిషి నిజంగా వారేనా అన్నది మూడోది. దానితో వచ్చిన ధ్రువపత్రం దానిదేనా అన్నది నాలుగోది. ఒక ప్రశ్నకు దొరికిన జవాబును మరో ప్రశ్నకు జవాబుగా చూపించడంలోనే ఈ వ్యాపారంలోని మోసాలు చాలావరకు నడుస్తాయి.

నకలు వేరు, నకిలీ వేరు

హైదరాబాద్ పాత ఫొటోలు సేకరించేవారికి లాలా దీన్‌దయాళ్ పేరు చెప్పనక్కరలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పనిచేసి, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, 1905లో మరణించారు. ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లు పెద్ద సంఖ్యలో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఒకే నెగటివ్ నుంచి 1890లలో ఒక ప్రింటు, 1930లలో ఒకటి, 1990లలో ఒకటి తీశారని అనుకుందాం. మూడింటిలోనూ కనిపించే దృశ్యం ఒకటే, మూడూ ఆయన తీసిన ఫొటోలే. అయినా ఫొటో తీసిన కాలానికి దగ్గరగా వేసినదాన్నే సేకర్తలు వింటేజ్ ప్రింటు అంటారు, మిగతావి తర్వాతి ప్రింట్లు. నెగటివ్‌తో పని లేకుండా, ఉన్న ప్రింటునే మళ్లీ ఫొటో తీసో స్కాన్ చేసో తయారుచేసినది నకలు. ఇవేవీ నేరాలు కావు. 1990ల ప్రింటును 1890ల ప్రింటుగా అమ్మినప్పుడే అది నకిలీ అవుతుంది. అంటే నకిలీ అన్నది చాలాసార్లు వస్తువులో కంటే దాని గురించి చెప్పే మాటలో ఉంటుంది.

ఆనాటి స్టూడియోలు నెగటివ్ మీదే సిరాతో సంఖ్య, శీర్షిక రాసేవి. ప్రింటులో అవి తెల్లని అక్షరాలుగా కనిపిస్తాయి. వాటిని చూపి "ఇదిగో ఫొటోగ్రాఫర్ చేతిరాత" అని అమ్మేవారున్నారు. రాత నెగటివ్‌లో ఉన్నప్పుడు దాని నుంచి నిన్న వేసిన ప్రింటులోనూ ఆ అక్షరాలే వస్తాయి. అది నెగటివ్ ఎవరిదో చెబుతుంది గానీ ప్రింటు వయసు గురించి ఏమీ చెప్పదు.

కార్డుల లోకంలోనూ ఇలాంటి విభజన ఉంది. కంపెనీలే బాహాటంగా పునర్ముద్రించేవి రీప్రింట్లు, మోసగించడానికి అచ్చు వేసినవి నకిలీలు, అసలు కార్డునే మెరుగుపరిచి ఆ సంగతి దాచినవి మార్పు చేసిన కార్డులు. వెనుక "రీప్రింట్" అన్న అక్షరాలను గీకేసి, ఆ చోట మరక అంటించి, మొదటి రకాన్ని రెండో రకంగా మార్చేవారు కూడా ఉన్నారు.

ఫొటో వయసును దాని పదార్థం ఎలా చెబుతుంది

పాత ఫొటోల విషయంలో కొనేవారికి ఒక అనుకూలత ఉంది: ఫొటో తయారీ పద్ధతులు మారుతూ వచ్చాయి, ఏ పద్ధతి ఎప్పుడు మొదలైందో తెలుసు. 1839లో ఫ్రాన్స్‌లో వెల్లడైన డాగెరోటైప్ వెండిపూత పూసిన రాగి రేకు మీద ఏర్పడే బొమ్మ. దానికి నెగటివ్ ఉండదు, ఒక్కటే ప్రతి. అద్దంలా మెరుస్తూ, కొద్దిగా వంచి చూస్తే నలుపు తెలుపులు తారుమారవుతాయి. పాత తోలుపెట్టెలో గాజు వెనుక కాగితం ప్రింటు పెట్టి డాగెరోటైప్ అంటే, ఈ తారుమారు జరగకపోవడమే దాన్ని పట్టిస్తుంది. 1850లలో గాజు మీద తీసే ఆంబ్రోటైప్‌లు, 1856 నుంచి నల్లపూత పూసిన పలుచని ఇనుపరేకు మీద తీసే టిన్‌టైప్‌లు వచ్చాయి. పేరులో తగరం ఉన్నా టిన్‌టైప్ ఇనుమే కాబట్టి అయస్కాంతానికి అతుక్కుంటుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. టిన్‌టైప్ పద్ధతిని నేటికీ కొందరు కళాకారులు ఇష్టంగా వాడుతున్నారు. అమెరికా అంతర్యుద్ధ ఘట్టాలను మళ్లీ ప్రదర్శించే బృందాలవారు సైనిక దుస్తుల్లో ఇలా ఫొటోలు తీయించుకుంటారు. పద్ధతి నూటికి నూరుపాళ్లు పాతదే, రసాయనాలూ అవే, వయసు మాత్రం కొన్నేళ్లు. ఇవి చేతులు మారుతూ మారుతూ 1860ల నాటివిగా బజారుకు చేరుతుంటాయి. నేటి కళాకారుల్లో చాలామంది బహుమతి ఫలకాలకు వాడే నల్ల అల్యూమినియం రేకు వాడతారు, దానికి అయస్కాంతం అతుక్కోదు. అతుక్కోకపోతే అది పాత టిన్‌టైప్ కాదని తేల్చవచ్చు. అతుక్కుంటే మాత్రం ఇనుము అని తప్ప ఇంకేమీ తేలదు, నేటికీ ఇనుపరేకు వాడేవారున్నారు కనుక. ఈ రంగంలోని దాదాపు ప్రతి పరీక్షదీ ఇదే స్వభావం. అది అబద్ధాన్ని బయటపెట్టగలదు. నిజాన్ని మాత్రం ఒంటరిగా రుజువు చేయలేదు.

మన దేశంలో 19వ శతాబ్దపు కాగితం ఫొటోలు ఎక్కువగా ఆల్బుమెన్ ప్రింట్లు. 1850లో వెలువడిన ఈ పద్ధతిలో, కోడిగుడ్డు తెల్లసొన పూసిన పలుచని కాగితాన్ని వెండి లవణాలతో సిద్ధం చేసి ఎండలో ప్రింటు తీసేవారు. కాగితం చుట్టుకుపోకుండా దళసరి అట్టకు అతికించేవారు. విజిటింగ్ కార్డంత అట్ట మీద వచ్చే కార్ట్ ద విజిట్, దానికంటే పెద్దదైన క్యాబినెట్ కార్డు ఈ కోవవే. ఆల్బుమెన్ ప్రింటును పది రెట్లు పెంచి చూపే భూతద్దంతో చూస్తే, పలుచని పొర కింద కాగితం నారలు కనిపిస్తాయి. వయసు పెరిగేకొద్దీ తెల్లగా ఉండాల్సిన భాగాలు పచ్చబారతాయి, నీడలు ఊదా కలిసిన గోధుమ రంగులో నిలుస్తాయి. కంప్యూటర్‌లో సెపియా రంగు అద్దిన బొమ్మలో ఈ తేడా ఉండదు, పై నుంచి కిందికి ఒకే గోధుమరంగు పులిమినట్టు ఉంటుంది. గోధుమరంగు ఉంటే పాతదే అన్న నమ్మకాన్ని నకిలీదారులు ఎంతగా వాడుకుంటారో చెప్పలేం.

అట్ట కూడా సాక్ష్యం చెబుతుంది. 1860ల తొలినాళ్ల కార్ట్ ద విజిట్ అట్టలు పలుచగా, మూలలు చతురస్రంగా ఉంటాయి. 1870ల నుంచి మూలలు గుండ్రబడ్డాయి, తర్వాత అట్ట దళసరెక్కి అంచులకు బంగారు పూత వచ్చింది. అమెరికాలో 1864 సెప్టెంబరు నుంచి 1866 ఆగస్టు వరకు ఫొటోల మీద పన్ను ఉండేది కాబట్టి ఆ రెండేళ్ల ఫొటోల వెనుక పన్ను స్టాంపు కనిపిస్తుంది. అయితే పాత స్టాంపును ఊడదీసి మరో ఫొటో వెనుక అతికించడం పెద్ద విద్యేమీ కాదు.

1880ల తర్వాత జెలటిన్ వెండి ప్రింట్లు వచ్చి 20వ శతాబ్దమంతా రాజ్యమేలాయి. వీటిలో కాగితానికీ బొమ్మకూ మధ్య తెల్లని ఖనిజపు పొర ఉండటం వల్ల నారలు కనిపించవు. దశాబ్దాలు గడిచాక నల్లని భాగాల్లో, ముఖ్యంగా అంచుల దగ్గర, వెండి పైకి తేలి అద్దంలాంటి మెరుపు వస్తుంది. పక్కగా వెలుతురు పడేలా పట్టుకుంటే కనిపించే ఈ మెరుపును నమ్మదగినట్టుగా సృష్టించడం కష్టం. నా దృష్టిలో జేబులో పరికరమేదీ లేనివారికి దొరికే మంచి సూచన ఇదే.

చుక్కలు ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు

నిజమైన ఫొటోలో నలుపు నుంచి తెలుపుకు రంగు తెగకుండా మారుతుంది. మామూలు అచ్చుయంత్రం అలా చేయలేదు, చిన్నాపెద్దా చుక్కలతో ఆ భ్రమ కల్పిస్తుంది. వార్తాపత్రికలోని బొమ్మను భూతద్దంతో చూసినవారికి ఇది తెలిసిన సంగతే. ఇంక్‌జెట్ ప్రింటర్ బొమ్మలో రంగు చుక్కలు చెల్లాచెదురుగా చల్లినట్టు ఉంటాయి. కాబట్టి 1870ల ఫొటో అని చెప్పినదానిలో చుక్కలు కనిపిస్తే వ్యవహారం అక్కడితో ముగిసినట్టే.

కార్డుల్లో సంగతి ఇంత తేలిక కాదు. కార్డు మొదటి నుంచీ అచ్చు వస్తువే కాబట్టి అసలుదానిలోనూ చుక్కలుంటాయి. చూడవలసింది అవి ఏ భాగంలో ఉన్నాయన్నది. వాగ్నర్ కార్డు చేరిన టీ206 శ్రేణిని అమెరికన్ టుబాకో కంపెనీ 1909 నుంచి 1911 వరకు లితోగ్రఫీ పద్ధతిలో అచ్చు వేసింది. అందులో కింద ఉండే ఆటగాడి పేరును గోధుమరంగు సిరాతోనే నేరుగా వేశారు, అందువల్ల అక్షరం అంచు నుంచి అంచు వరకు నిండుగా ఉంటుంది. ఈనాటి రీప్రింటు స్కాన్ చేసిన బొమ్మ నుంచి నాలుగు రంగుల చుక్కలతో తయారవుతుంది కాబట్టి ఆ గోధుమరంగు అక్షరాలూ చుక్కలుగా విడిపోతాయి. అరిగిన అసలు కార్డును స్కాన్ చేసినప్పుడు దాని మడతలు, గీతలు కూడా బొమ్మలోకి వచ్చేస్తాయి. కంటికి మడత కనిపించి, వేలితో తడిమితే నున్నగా ఉండే కార్డు ఇలాంటిదే.

1986 నాటి ఫ్లీర్ కంపెనీ మైకేల్ జోర్డన్ కార్డు విపరీతంగా నకిలీ అయినవాటిలో ఒకటి. దాని విషయంలో అనుభవజ్ఞులు చేసే పని చాలా సాదాసీదాగా ఉంటుంది. అదే శ్రేణిలోని, ఎవరూ పట్టించుకోని ఆటగాడి కార్డును చవకగా కొని పక్కన పెట్టుకుంటారు. అట్ట దళసరి, బరువు, వెలుతురుకు అడ్డంగా పట్టినప్పుడు లోపలికి వచ్చే కాంతి, వెనుకవైపు అట్ట రంగు, చుక్కల అమరిక, అన్నీ రెండింటిలోనూ ఒకేలా ఉండాలి. చవక కార్డును నకిలీ చేయాలన్న ఆశ ఎవరికీ ఉండదు కాబట్టే అది నమ్మకమైన కొలబద్ద అవుతుంది.

నోట్లు చూసే దీపం, లూయిస్ హైన్ ఫొటోలు

మన కిరాణా దుకాణాల్లో దొంగనోట్లు పట్టుకోవడానికి వాడే నీలి దీపం ఇక్కడా పనికొస్తుంది. కరెన్సీ నోటు కాగితం ఆ అతినీలలోహిత కాంతిలో మెరవకుండా మసకగా ఉంటుంది, మామూలు తెల్ల కాగితం నీలంగా వెలుగుతుంది. కాగితం మరింత తెల్లగా కనిపించడానికి కలిపే రసాయనాలే ఆ వెలుగుకు కారణం. ఫొటో కాగితాల్లో వాటిని కలపడం 1950లలో మొదలైంది. అందువల్ల 1920ల ప్రింటు నీలంగా మెరవకూడదు.

లూయిస్ హైన్ ఉదంతంలో నిర్ణాయకమైనది ఈ సంగతే. అమెరికా కర్మాగారాల్లో మగ్గిన బాలకార్మికులను ఫొటోలు తీసి లోకానికి చూపిన హైన్ 1940లో మరణించాడు. 1990ల చివరలో, ఆయన స్వయంగా వేసిన ప్రింట్లుగా అమ్ముడైన కొన్నింటిపై కొనుగోలుదారులకు అనుమానం వచ్చింది. పాల్ మెస్సియర్ అనే సంరక్షణ నిపుణుడు కాగితాలను పరీక్షిస్తే చాలావాటిలో ఆ రసాయనాలు బయటపడ్డాయి. నెగటివ్‌లు హైన్‌వే, బొమ్మలు హైన్‌వే, కాగితం మాత్రం ఆయన పోయిన తర్వాత తయారైనది. వ్యవహారం చివరకు కోర్టు బయట పరిష్కారమైంది. అప్పటిదాకా ఫొటో ప్రింట్ల బజారులో మాట మీద నమ్మకమే పెట్టుబడిగా ఉండేది. కాగితాల చరిత్రను నమూనాలతో సహా సేకరించి పోల్చే పని ఆ తర్వాతే ఊపందుకుంది.

అయినా ఈ దీపానికీ పరిమితులున్నాయి. 1950ల తర్వాతి కాగితాలన్నింటిలోనూ ఆ రసాయనాలు ఉండవు కాబట్టి మెరవనంత మాత్రాన పాతదని తేలదు. మరోవైపు కొత్త జిగురు, డిటర్జెంటు నీరు తగిలిన నిజమైన పాత అట్ట అక్కడక్కడ మెరవవచ్చు. కాగితమంతా ఒకే తీరున మెరవడం వేరు, మరకలా ఒకచోట మెరవడం వేరు.

ఒక ఉదాహరణ: 1932 లార్డ్స్ ఫొటో

ఇప్పటిదాకా చెప్పినవి కలిపి ఎలా పనిచేస్తాయో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. 1932 జూన్‌లో లార్డ్స్ మైదానంలో భారత్ తన తొలి టెస్టు ఆడింది. కెప్టెన్ నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు. ఆ జట్టు ఫొటో ఒకటి "నాటి అసలు పత్రికా ప్రింటు"గా అమ్మకానికి వచ్చిందనుకుందాం.

భూతద్దంలో బొమ్మంతా చుక్కలుంటే అది పుస్తకం నుంచో పత్రిక నుంచో కత్తిరించిన అచ్చుబొమ్మ. నీడలూ వెలుగులూ తెగకుండా ఉంటే అది నిజమైన ఫొటో ప్రింటే. కానీ ఆ ఫొటో లోపల, కెమెరా చూసినట్టుగా, మసక చుక్కల వరుస కనిపిస్తే, పత్రికలో అచ్చయిన బొమ్మను ఎవరో మళ్లీ ఫొటో తీశారన్నమాట. చుక్కలేవీ లేకపోయినా ముఖాల్లో వివరం అలికినట్టుండి, నలుపు తెలుపులు మరీ కటువుగా ఉంటే ప్రింటు నుంచి తీసిన ప్రింటని అనుమానించాలి. నీలి దీపం కింద మొత్తం మెరిస్తే కాగితం 1950లకు ముందుది కాదు. మెరవకుండా, అంచుల్లో వెండి మెరుపు ఉండి, వెనుక వార్తాసంస్థ స్టాంపు, టైపు చేసి అతికించిన వివరణ, పత్రికలో వేయడానికి ఎడిటర్ పెట్టిన పెన్సిలు గుర్తులు ఉంటే, అవన్నీ ఒకే కథ చెబుతున్నాయి. ఇందులో ఏ ఒక్కటీ చాలదు. ఒకదానికొకటి సంబంధం లేని సాక్ష్యాలు ఒకే కాలాన్ని చూపించడమే ఇక్కడి బలం.

అసలు కార్డే, అయినా చెడినది

1985లో ఒక వాగ్నర్ కార్డును బిల్ మాస్ట్రో అనే వ్యాపారి 25 వేల డాలర్లకు కొన్నాడు. అది 1991లో హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్‌కీ, అతని భాగస్వామి చేతికి 4 లక్షల 51 వేల డాలర్లకు చేరింది. అదే ఏడాది కొత్తగా మొదలైన పీఎస్ఏ అనే గ్రేడింగ్ సంస్థ (కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి పదికి మార్కు వేసేది) తన తొలి కార్డుగా దీన్నే పరిశీలించి పదికి ఎనిమిది ఇచ్చింది. 2007లో ఆ కార్డు 28 లక్షల డాలర్లు పలికింది. 2013లో, తన వేలంపాటల్లో దొంగ పాటలు పాడించిన కేసులో నేరం ఒప్పుకుంటూ, ఈ కార్డు అంచులు కత్తిరించింది తానేనని మాస్ట్రో అంగీకరించాడు. అతనికి 20 నెలల జైలుశిక్ష పడింది.

కార్డు అసలుదే, వాగ్నర్ వాగ్నరే. అరిగిన అంచులు కోసేసరికి మూలలు పదునెక్కి గ్రేడు పెరిగింది, అంతే. గ్రేడు ఒక మెట్టు పెరిగితే ధర ఎన్నో రెట్లు పెరిగే బజారులో కత్తెర ముద్రణాయంత్రం కంటే లాభసాటి పనిముట్టు.

ఏది మార్పు, ఏది సంరక్షణ అన్న విషయంలో సేకర్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. కార్డు మీది గమ్ మరకను తుడవడం, ఆల్బమ్‌లో అతుక్కున్నదాన్ని నీటిలో నానబెట్టి విడదీయడం, వంగిన మూలను అదిమి సరిచేయడం పుస్తకాల దుమ్ము దులపడం లాంటివేనని కొందరి వాదన. మ్యూజియంలు పాత ఫొటోలకు చేసే పని కూడా ఇదేనని వారు గుర్తుచేస్తారు. కార్డు వయసును, అది పడిన అరుగుదలను కొలవడమే గ్రేడింగ్ అయినప్పుడు, ఆ అరుగుదలను చెరిపేసే ఏ పనైనా కొలతనే తప్పుదారి పట్టిస్తుందని రెండో పక్షం వాదిస్తుంది. రెండు వాదనల్లోనూ పస ఉంది. అయితే మ్యూజియం నిపుణుడు తాను చేసిన ప్రతి పనినీ రాసిపెడతాడు, కార్డు సరిచేసేవాడు అదే పనిని దాచిపెడతాడు. కోత, రంగు వేయడం, కొత్త అట్ట అతికించడం మాత్రం చెప్పకుండా చేస్తే మోసమేనని ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి.

బొమ్మలో ఉన్నది ఎవరు?

వస్తువు నికార్సయినదైనా దానికి తగిలించిన పేరు తప్పు కావచ్చు. 2010లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఒకరు పాత సామాన్ల దుకాణంలో కొన్ని టిన్‌టైప్‌లను 2 డాలర్లకు కొన్నారు. వాటిలో ఒకదానిలో కొందరు క్రోకే అనే బంతాట ఆడుతున్నారు, అందులో ఒకడు బిల్లీ ద కిడ్ అని కొనుగోలుదారుకు తోచింది. 2015లో ఒక ప్రసిద్ధ నాణేల సంస్థ అది నిజమేనని ప్రకటించి 50 లక్షల డాలర్ల విలువ కట్టింది. ముఖపోలిక, ఫొటో తీసిన స్థలం, చుట్టూ ఉన్నవారి గుర్తింపు వారి ఆధారాలు. ఆ ముఖం అంగుళంలో చిన్న భాగమని, ఆ కుటుంబాల నుంచి ఫొటో చేతులు మారుతూ వచ్చిన దాఖలా ఏదీ లేదని కాదనేవారు అంటారు. అది 19వ శతాబ్దపు టిన్‌టైప్ అన్న విషయంలో మాత్రం పేచీ లేదు.

బొమ్మలో కనిపించినదాన్ని ఉన్నదున్నట్టు నమ్మడం ఎంత ప్రమాదమో, 2011లో అమ్ముడైన బిల్లీ ఫొటోయే చెబుతుంది. టిన్‌టైప్‌లో బొమ్మ అద్దంలోలా కుడిఎడమలు మారి వస్తుంది. ఈ సంగతి మరచి చాలాకాలం బిల్లీని ఎడమచేతివాటం మనిషి అనుకున్నారు. అతని చేతిలోని వించెస్టర్ తుపాకీకి గుళ్లు ఎక్కించే ద్వారం కుడిపక్కన ఉండాలి, ఫొటోలో ఎడమపక్కన ఉంది. బొమ్మ తిరగబడిందని తుపాకీయే చెప్పింది.

ప్లాస్టిక్ డబ్బా మీది నంబరు ఏం హామీ ఇస్తుంది

ఇప్పుడు విలువైన కార్డులు ఎక్కువగా గ్రేడింగ్ సంస్థ మూసివేసిన గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో, నంబరు చీటీతో అమ్ముడవుతున్నాయి. ఆ నంబరును సంస్థ వెబ్‌సైటులో కొడితే వివరాలు వస్తాయి. చాలామంది అక్కడితో తృప్తిపడతారు. నిజానికి అలా తేలేది ఆ నంబరుతో ఒక కార్డు ఎక్కడో ఉందని మాత్రమే. నకిలీదారులు చీటీని, డబ్బాను కూడా తయారుచేస్తారు. నంబరును మాత్రం నిజంగా ఉన్న కార్డు నుంచి తీసుకుంటారు. పాత డబ్బాను పగలకుండా తెరిచి కార్డు మార్చేవారూ ఉన్నారు.

అందుకే సంస్థలు, వేలంశాలలు భద్రపరిచిన ఫొటోలు కీలకమయ్యాయి. అచ్చులో పడిన సూదిమొనంత చుక్క, నారలో ఉన్న మచ్చ, నాలుగువైపులా తెల్ల అంచు వెడల్పుల నిష్పత్తి ఒక్కో కార్డుకు ఒక్కోలా ఉంటాయి. 2019లో కొందరు సేకర్తలు తక్కువ గ్రేడులో అమ్ముడైన కార్డుల పాత ఫొటోలను, తర్వాత ఎక్కువ గ్రేడులో వచ్చిన కార్డుల ఫొటోలతో పక్కపక్కన పెట్టి చూశారు. అచ్చు మచ్చలు అవే, అంచులు మాత్రం సన్నబడ్డాయి. సంస్థల నిపుణులు చేతిలో పట్టుకుని చూసి కూడా గుర్తించని కోతలు అలా బయటపడ్డాయి. గ్రేడు వేసినవారికి కనిపించింది ఆ రోజు తమ ముందున్న కార్డు ఒక్కటే. దాని నిన్నటి రూపం పాత వేలం జాబితాల్లో ఉండిపోయింది.